పులిరాజా పెళ్ళానికి గడి లేదు

పులిరాజాని మర్చిపోయారా? ఇరవై ఏళ్ళ కిందట బస్టాండు గోడ, ఆటో వెనక, టీ అంగడి రేకు, ఎక్కడ చూసినా ఆయన గురించే వాకబు. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? రాష్ట్రం రాష్ట్రమంతా ఆయన ఆరోగ్యం కోసం బెంగపెట్టుకుంది. ఎవరీయన, ఏ ఊరు, ఏం పని చేస్తాడు అని అరుగుల మీద చర్చలు నడిచాయి. ఆ ప్రచారం తయారుచేసినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. ఒక్క ప్రశ్నతో కండోమ్ అనే మాటను రచ్చబండ దాకా నడిపించారు. నా అనుమానమల్లా ఒకటే. అంతటి పులిరాజాకి పెళ్ళాం ఉండదా? ఆయన అర్ధరాత్రి వచ్చి తలుపు తన్నితే తీసింది ఎవరు? ఆ ప్రకటన చదివి భయపడి, కండోమ్ వాడమని ఆమె నోరు తెరిచి అడిగితే ఆయన ఏమన్నాడు, ఏం చేశాడు? ఆ బొమ్మ మాత్రం ఏ గోడ మీదా వేయలేదు. సున్నం చాలలేదేమో.

ఆమె మా మెట్టలోనే ఉంటుంది. నెల్లూరంటే మొలగొలుకుల బియ్యం, పెన్నా కాలవలు, రొయ్యల గుంటలు అనుకునేవాళ్ళకి పడమటి నెల్లూరు కనపడదు. దుత్తలూరు, ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం, మర్రిపాడు: వాన పడితే పైరు, పడకపోతే బెంగుళూరు బస్సు. మగవాళ్ళు బేల్దారి పనికో సెంట్రింగు పనికో పోతారు, పండక్కి వస్తారు. వస్తూ వస్తూ ఏం తెచ్చారన్నది ఆరు నెలలకో ఆరేళ్ళకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు రక్తం తీసే రోజున తేలుతుంది.

ముందు ఎయిడ్స్ నియంత్రణ పథకానికి ఒక దండం పెట్టుకుందాం. తిట్టబోయేవాణ్ణి ముందు పొగడడం మన సభా మర్యాద. ఇక్కడ పొగడడానికి నిజంగానే సరుకుంది కూడా. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పుట్టింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అణిచే ఏఆర్టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఒకప్పుడు సీడీ4 కౌంట్, అంటే రోగనిరోధక కణాల లెక్క, బాగా పడిపోయిందాకా ఆగమనేవాళ్ళు. 2017 నుంచి పాజిటివ్ అని తేలితే చాలు, మందు మొదలు. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్ర. క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా అణిగిపోతే, కాపురంలో ఇంకొకరికి సోకదు. తల్లి నుంచి బిడ్డకు పోకుండా ఆపవచ్చు. ఈ మాటలు 1990ల్లో ఎవరైనా అని ఉంటే పిచ్చివాడనేవాళ్ళం. అయినా 2023 అంచనాల ప్రకారం పెద్దవాళ్ళలో ఈ వైరస్ దేశంలో 0.20 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. మూడు రెట్లు. మూడు లక్షల పైచిలుకు మంది. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత మనమే. కాబట్టి పథకం ఇంకా అవసరం, మందులు ఇంకా అవసరం, దండమూ అవసరమే. పెట్టేశాను. ఇక చేతులు దించుతున్నాను.

ఈ పథకం లెక్కల మనిషి. రక్తం గొట్టాలు లెక్కపెడుతుంది. కండోములు లెక్కపెడుతుంది. పోయిన నెల ఇచ్చిన మాత్రల్లో ఈ నెల సీసా అడుగున ఎన్ని మిగిలాయో లెక్కపెడుతుంది. రక్తంలో చుక్కకి ఎన్ని వైరస్‌లున్నాయో లెక్కపెడుతుంది. కంటికి కనపడని పురుగును లెక్కపెట్టగలిగిన ఈ పథకానికి, ఎదుట కూర్చున్న మనిషి కంటి కింద కమిలిన నలుపు మాత్రం లెక్కకు రాదు. మార్గదర్శకాల పుస్తకాల్లో హింస గురించి పేరాలు లేకపోలేదు. కానీ పేరాకి గది ఉండదు, జీతం ఉండదు, నెలాఖరు సమీక్షలో ఆ పేరా ఏమైందని అడిగే అధికారి ఉండడు. ఎన్ని పరీక్షలు చేశావు, ఎంతమంది మందు మీద ఉన్నారు, ఎంతమంది తప్పిపోయారు, ఇవీ అడిగేవి. ఎంతమంది తన్నులు తిన్నారు అని అడిగితే సమీక్ష ఆలస్యమైపోయి, సార్‌కి భోజనం వేళ దాటిపోతుంది.

ఒక ఇల్లాలిని ఊహించుకోండి. నిజంగా ఊహే, పేరు అడక్కండి. దుత్తలూరు మండలం, మూడో నెల, మొదటి కాన్పు. ఆశా అక్క వెంటబెట్టుకుని పోయింది. గర్భిణులందరికీ చేసినట్టే ఆమెకీ రక్తపరీక్ష చేశారు. మంచి పనే. బిడ్డను కాపాడాలంటే ముందే తెలియాలి. మొగుడు బెంగుళూరులో సెంట్రింగు కొడుతున్నాడు, ఆయన రక్తం ఎవరూ అడగలేదు, ఆయనకి నెల తప్పలేదు కదా. అలా ఆ ఇంట్లో ఈ సంగతి మొదట తెలిసింది ఆమెకి. మన ఇళ్ళలో చెడ్డ కబురు ఎవరి నోట వస్తే తప్పు వాళ్ళదే. అత్తగారి తీర్పు మూడు నిమిషాల్లో వచ్చేసింది: "నీ రగతంలో గదంటమ్మే బైటపడింది! మా వోడి రగతంలో పడిందా?" శాస్త్రంతో పనిలేదు. పరీక్ష చేయించుకున్నవాళ్ళే దోషులు, చేయించుకోనివాడు నిర్దోషి. మన పరీక్షల క్రమం ఎవరికీ చెడు తలపెట్టలేదు. ముందు ఆడదాన్ని పరీక్షించింది, అంతే. దాంతో ఆమెను ముందుగా ముద్దాయిని చేసింది.

కౌన్సెలర్ మేడమ్ మంచామె. కిటికీ పక్కన బల్ల, బల్ల ముందు వరస, వరసలో వెనకామె ఊపిరి ముందామె మెడకు తగిలేంత దూరం. ఆ రద్దీలో చెప్పాల్సినవన్నీ చెప్పింది: మందు మానకూడదు, మంచి తిండి తినాలి, భయపడకూడదు. చివరగా, "ఈసారి వచ్చేటప్పుడు మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా." పుస్తకం ప్రకారం ఇది చక్కటి సలహా. భర్తకీ పరీక్ష కావాలి, మందు కావాలి. కానీ ఆ ఒక్క వాక్యం మన జిల్లాలో ఎన్ని పళ్ళు రాలగొట్టి ఉంటుందో ఏ దంతవైద్యుడూ లెక్క రాయలేదు. ఆయన్ని తీసుకురావాలంటే ఆయనకి చెప్పాలి. చెబితే ఏమవుతుంది తల్లీ అని ఎవరైనా అడిగారా? అడిగితే వచ్చే జవాబు రాసుకోవడానికి గడి ఏదీ?

ఇక మందులు. మాత్రల సీసా ఇంట్లో ఎదురుగా పెట్టుకోలేదు. కాగితం చింపేసి బియ్యం డ్రమ్ములో దాస్తుంది. సంక్రాంతికి మొగుడొస్తే డ్రమ్ము దగ్గరికి పోలేదు. ఆయన వెళ్ళిందాకా మాత్రలు బంద్. తర్వాత నెల నెల్లూరు పెద్దాసుపత్రికి పోతుంది. దగ్గర్లో ఎక్కడైనా మందిచ్చినా తెలిసిన మొహాలుంటాయని కొందరు దూరమే పోతారు, మెట్టలో ఈ లెక్క అందరికీ తెలుసు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. పరీక్ష ఉచితం, మందు ఉచితం, బస్సు ఉచితం, ఇంటి దగ్గర దెబ్బలు మొదటి నుంచీ ఉచితమే. పెద్దాసుపత్రిలో మాత్రలు లెక్కపెడతారు. "పదకొండు మిగిలాయేం? నీ ప్రాణం మీద నీకే శ్రద్ధ లేకపోతే మేమేం చేస్తాం?" పదకొండు మాత్రలు అంటే పదకొండు రాత్రులు. ఆ రాత్రుల్లో ఏం జరిగిందో ఆమె ఒంటి మీద రాసే ఉంది, కాకపోతే అది చదివే చదువు వేరు. రిజిస్టర్లో మాత్రం "మందు సరిగా వాడుట లేదు" అని పడింది. ఆ తర్వాత ఆమె రావడం మానేస్తే "తప్పిపోయినవారు" జాబితాలోకి ఎక్కిస్తారు. మనిషి ఎక్కడికీ తప్పిపోలేదు. అదే ఇంట్లో, అదే మూలన, చీర కొంగుతో మొహం కప్పుకుని ఉంది. అప్పుడు వెతుకులాట మొదలు. ఆమె ఇచ్చిన ఫోన్ నంబరు మొగుడిది. ఆసుపత్రి నుంచి ఫోను ఆయనకే పోతుంది. బాగుంది కదూ సేవ?

ఇది కంటతడి కబుర్ల వ్యవహారం అనుకునే డాక్టర్లకి వాళ్ళ భాషలోనే చెబుతాను. 2015లో అనేక అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసిన ఒక సమీక్ష, భర్త హింసకు గురవుతున్న స్త్రీలు మందులు క్రమంగా వేసుకునే అవకాశం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే అని తేల్చింది. వైరస్ అణిగే అవకాశమూ తగ్గింది. దీంట్లో వింతేమీ లేదు. నిద్ర లేని మనిషి, అడుగు చప్పుడుకే ఉలిక్కిపడే మనిషి, చచ్చిపోతే బాగుండని రోజూ అనుకునే మనిషి, ఇంకో నలభై ఏళ్ళు బతకడానికి రోజూ రాత్రి ఎనిమిదింటికి మాత్ర ఎందుకు మింగుతుంది? మందు కొనడానికి డబ్బు పోసి, మందు మింగే గొంతును పిసికే చేతి వైపు చూడకపోవడం ఏ రకం పొదుపో ఆర్థిక శాఖ వాళ్ళు చెప్పాలి.

దెబ్బకీ వైరస్‌కీ చుట్టరికం కొత్తగా కనిపెట్టింది కాదు. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 28 వేలకు పైగా వివాహితల లెక్కలు తీసుకుని అమెరికా వైద్య పత్రిక జామాలో 2008లో ఒక వ్యాసం వచ్చింది. భర్త చేతిలో దెబ్బలూ, పడకగదిలో బలవంతమూ రెండూ అనుభవించినవాళ్ళలో హెచ్‌ఐవీ, హింస లేనివాళ్ళకంటే దాదాపు నాలుగు రెట్లు. చెంపదెబ్బలో వైరస్ ఉండదు. ఆ తర్వాతి ఏడాది అదే సర్వేలోని భార్యాభర్తల జంటల్ని చూస్తే ముడి విడింది: కొట్టే మగవాళ్ళలోనే వైరస్ ఎక్కువగా ఉంది, పైగా కొట్టే ఇంట్లో అది భార్యకు సోకడం తేలిక. అంటే బయట తిరిగేదీ ఆయనే, తెచ్చేదీ ఆయనే, వద్దంటే తన్నేదీ ఆయనే. దేశం లెక్క దేశం దగ్గరే ఉంది. చదివింది అమెరికా పత్రిక.

మరి చట్టం? చట్టం చాలా అందంగా ఉంది. ఇది నిజంగానే మెచ్చుకోలు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని తొమ్మిదో సెక్షన్ చదివితే రాసినవాడికి పూలదండ వేయాలనిపిస్తుంది. ఒకరి పాజిటివ్ సంగతి వాళ్ళ భాగస్వామికి డాక్టరో కౌన్సెలరో ఎప్పుడు చెప్పవచ్చో రాసి, కింద ఒక మినహాయింపు పెట్టారు: చెబితే ఆ మనిషి మీద, ముఖ్యంగా ఆడవాళ్ళ మీద, హింసకో వదిలేయడానికో దారితీస్తుందని సహేతుకమైన భయం ఉంటే, చెప్పకూడదు. చెప్పకపోతే మంచిది అని రాయలేదు, చెప్పకూడదు అనే రాశారు.

ఇప్పుడు మన అమలు తర్కం చూడండి, కాశీ పండితులు కూడా చేతులెత్తేస్తారు. భయం ఉంటే చెప్పకూడదు. భయం ఉందో లేదో తెలియాలంటే ఆమెను అడగాలి. అడగాలంటే తలుపున్న గది కావాలి, పది నిమిషాలు కావాలి, విని ఏం చేయాలో తెలిసిన మనిషి కావాలి. అవి లేవు కాబట్టి అడగలేదు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఆమె చెప్పలేదు కాబట్టి భయం లేదు. భయం లేదు కాబట్టి, "మీ ఆయన్ని తీసుకురామ్మా." చట్టం ఎక్కడా ఉల్లంఘించబడలేదు. ఫైలు శుభ్రంగా ఉంది.

అదే చట్టం 29వ సెక్షన్, పాజిటివ్ అయిన మనిషిని తాను కాపురమున్న ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదంటుంది. మొగుడు చచ్చిపోయిన పదకొండో రోజున గోనెసంచిలో గుడ్డలు కుక్కి పుట్టింటి బస్సెక్కించే అత్తమామలకు ఈ సెక్షన్ గురించి చెప్పేవాళ్ళెవరు? చట్టంలో ఫిర్యాదులు వినడానికి రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలని కూడా ఉంది. మీ రాష్ట్రం అంబుడ్స్‌మన్ పేరేంటో ఈ పత్రిక చదివే పెద్దమనుషులు ఒక్కరు చెప్పండి. ఆయన ఆఫీసు ఏ వీధిలో ఉందో చెప్పినా చాలు. ఫలానా సినిమా హీరో మూడో కొడుకు పేరు అందరికీ తెలుసు.

ఇంకో చట్టం గురించి కూడా మాట్లాడుకోకపోతే అన్యాయం. కొత్త భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. 63వ సెక్షన్లో అత్యాచారం అంటే ఏమిటో వివరించి, పాత శిక్షాస్మృతిలోని ముక్కను జాగ్రత్తగా తీసి ఇక్కడ అతికించారు: పద్ధెనిమిదేళ్ళు నిండిన సొంత భార్యతో భర్త చేసింది అత్యాచారం కాదు. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో ఆమెకు ఉచిత కండోమ్ ఇచ్చి వాడించుకోమంటుంది, ఇంకో చేత్తో, వద్దనే అధికారం నీకు లేదులే అని చట్టం రాసిస్తుంది. ఆ కండోమ్‌ను ఆమె దేనికి వాడాలి? పిల్లలకి బుడగ ఊదివ్వాలా?

ప్రభుత్వం ఒక్కదాన్నే అనడం కూడా ధర్మం కాదు. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టడం సమంజసమే అన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 84 శాతం. దేశంలోకెల్లా మనమే ముందు. సర్వేవాళ్ళు ఏడు సందర్భాలు చదివి వినిపించారు: చెప్పకుండా బయటికి పోతే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడక వద్దంటే, కూర బాగా వండకపోతే, మొగుడికి అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. ఏదో ఒకదానికి తలూపారు. మగవాళ్ళలో సరే అన్నవాళ్ళు అంతకంటే తక్కువే, మొహమాటపడ్డారు పాపం. ఈ 84 శాతంలో ఆశా అక్కలు ఉండరా, నర్సులు ఉండరా, కౌన్సెలర్లు ఉండరా? మొగుడు కొట్టాడని చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని, "నువ్వేం చేశావమ్మా ముందు?" అని అడిగే కౌన్సెలింగు కంటే మాత్రల లెక్కే మేలు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో హింస గురించి మార్గదర్శకాలు రాస్తూ, అడగడానికి ముందు ఏకాంతం ఉండాలి, శిక్షణ ఉండాలి, పంపడానికి ఒక చోటుండాలి, లేకపోతే అడగొద్దు అంది. మనవాళ్ళు అందులో చివరి రెండు ముక్కలే శ్రద్ధగా చదివి, అమలుచేస్తున్నారు.

పంపడానికి చోటు లేదా అంటే బోలెడు ఉంది. గృహహింస చట్టం 2005ది, దానికో రక్షణాధికారి. నెల్లూరులో సఖి కేంద్రం, అదే నెల్లూరులో ఏఆర్టీ కేంద్రం. 181కి ఫోన్ చేస్తే మహిళల సాయం, 1097కి చేస్తే ఎయిడ్స్ సలహా. ఇక ఊళ్ళో సంగతి ఇంకా ముచ్చటైంది. 2019 అక్టోబరు 2న పుట్టిన గ్రామ సచివాలయంలో ఏఎన్ఎమ్ కొలువుంది, మహిళా పోలీసు కొలువుంది. ఒకే కప్పు కింద ఒకామె దగ్గర రక్తం కబురు, ఇంకొకామె దగ్గర రక్తం కారిన కబురు. ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఆ ఇల్లాలు సరే అంటే తప్ప ఒకరి కబురు ఇంకొకరికి పోకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. ఊళ్ళో గుట్టు రట్టయితే అది ఇంకో హింస. కానీ, "వాళ్ళతో మాట్లాడిస్తానమ్మా, నీకిష్టమేనా?" అని ఆమెను అడగడానికి ఏ జీవో అడ్డొచ్చింది?

తన్నేది మొగుడొక్కడే అనుకుంటే ఆసుపత్రుల్ని తక్కువ చేసినట్టవుతుంది. కాన్పుకొచ్చిన పాజిటివ్ మనిషి మంచానికి ఎర్ర గుర్తు కట్టడం, రెండేసి జతల గ్లౌజులు వేసుకుని దూరం నుంచి వేలితో చూపించడం, "ఇక్కడ వీలు కాదు, నెల్లూరికి పో" అని చీటీ రాసేయడం, ఇవన్నీ ఆ 2017 చట్టం వద్దన్నవే. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఇంట్లో తిన్న దెబ్బ మాని పోతుందేమో గానీ, కాన్పు బల్ల మీద పడుకుని ఆయమ్మ మూతి విరుపు చూసిన మనిషి మళ్ళీ ఆ గడప తొక్కదు. ఆ తర్వాత ఆమె పేరు ఏ జాబితాలో చేరుతుందో ముందే చెప్పాను.

అన్నట్టు, హింసను లెక్కలోకి ఎక్కించుకున్న ఆడవాళ్ళు ఒకచోట ఉన్నారు. సెక్స్‌వర్కర్లు. 2003లో గేట్స్ ఫౌండేషన్ అవాహన్ పేరుతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో ఎయిడ్స్ నివారణ పని మొదలుపెట్టినప్పుడు ఈ ఆడవాళ్ళు మొహాన్నే చెప్పేశారు: మీ కండోములు తర్వాత, ముందు పోలీసు లాఠీ సంగతి, రౌడీ సంగతి చూడండి. రాత్రింబవళ్ళు ఫోనెత్తే బృందాలు, వకీళ్ళు, స్టేషనుకు గుంపుగా పోవడం, ఇవన్నీ అలా పుట్టాయి. 2022 మే 19న సుప్రీంకోర్టులో మన తెలుగు బిడ్డ జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం, సెక్స్‌వర్కర్ దగ్గర కండోమ్ దొరికితే దాన్ని నేరానికి సాక్ష్యంగా చూపొద్దని చెప్పాల్సి వచ్చింది. ఒక శాఖ పంచిపెట్టిన వస్తువును ఇంకో శాఖ నేరం కింద పట్టుకునేది కాబట్టే చెప్పాల్సి వచ్చింది. అయినా వాళ్ళకి సంఘం ఉంది. మా మెట్ట ఇల్లాలికి ఏముంది? పథకం భాషలో ఆమె సాధారణ జనాభా. ప్రమాదం తక్కువ. ఎందుకంటే ఆమెకి ఒక్కడే మగవాడు. ఆ ఒక్కడే ఆమెకి ప్రమాదమన్న సంగతి 1997లోనే పుణె పరిశోధకులు రాశారు: భర్త తప్ప ఎవరినీ ఎరగని భార్యలకే సోకుతోందని. ఆమె పెళ్ళి చేసుకోవడమే ఆమె చేసిన సాహసం.

అసలు ఈ దేశంలో వైరస్‌ను మొదట కనిపెట్టిన కథలోనే ఈ తీరు ఉంది. 1986, మద్రాసు. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల పరీక్షించిన రక్తం, ప్రభుత్వ రిమాండ్ హోంలో ఉంచిన ఆడవాళ్ళది. ఆ ఇద్దరు డాక్టర్లూ గొప్ప పని చేశారు, సందేహం లేదు. కానీ ఆ హోంలోకి ఆ ఆడవాళ్ళు ఎలా వచ్చారు, ఎవరు తెచ్చి పడేశారు, ఒంటి మీద ఏమున్నాయి అన్న రికార్డు గురించి ఎవరికీ ఆసక్తి లేదు. రక్తం దొరికింది చాలు.

ఇదంతా చేయలేం, మన ఆడవాళ్ళు నోరు విప్పరు, సంస్కృతి ఒప్పుకోదు అని ఎవరైనా నీతులు చెప్పబోతే ఉదయగిరి నియోజకవర్గం దాటి మాట్లాడమనండి. ఇక్కడ మాట్లాడితే జనం నవ్వుతారు. దుత్తలూరుకు ఎంతో దూరం లేని కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్న కాలంలో రాత్రి బడిలో పలకలు పట్టుకున్న ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివారు, సారా మీద పాఠం చదివారు. చదివి, మార్కుల కోసం ఆగలేదు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది, ఊళ్ళోకి సారా రానివ్వలేదు. 1992లో జిల్లా జిల్లాయే లేచింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్. ఆ ఆడవాళ్ళు వీధిలో నిలబడి చెప్పిందేమిటి? మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు, కూలి డబ్బు లాక్కుంటున్నాడు, బతకనివ్వడంలేదు. అదే మాట. కలెక్టరు ముందు, పోలీసు ముందు, వేలంపాట గదుల ముందు చెప్పారు. ముప్పై ఏళ్ళు తిరక్కముందే వాళ్ళ కూతుళ్ళకి, మనవరాళ్ళకి ఇదంతా నోరెత్తలేని గుట్టు అని ఆసుపత్రివాళ్ళు తీర్మానించేశారు. నోరెత్తే చోటు ఇవ్వకుండా మూగది అని రాసుకోవడం ఎంత సులువు!

ఆ ఉద్యమం వెంటే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఈ జిల్లాలోనే పుట్టాయి. ఇప్పుడు దక్షిణాఫ్రికా కబురు వినండి. అక్కడ లింపోపోలో ఇమేజ్ అని ఒక ప్రయోగం చేశారు. పేద ఆడవాళ్ళకి గుంపులుగా చిన్న అప్పులిచ్చి, కూడినప్పుడల్లా కొట్లాట గురించి, కాపురం గురించి, హెచ్‌ఐవీ గురించి మాట్లాడించారు. 2006లో ఫలితం లాన్సెట్‌లో వచ్చింది: భర్త హింస 55 శాతం తగ్గింది. ఉగాండా రకాయ్‌లో హింసను ఎయిడ్స్ పనిలో కలిపితే హింసతోపాటు కొత్తగా సోకడం కూడా తగ్గింది. అంటే వాళ్ళు కోట్లు ఖర్చుపెట్టి పరీక్షించి కనిపెట్టిన గుంపు, మనకు 1993 నుంచి రెడీగా ఉంది. దాన్ని మనం దేనికి వాడుకుంటున్నాం? అప్పు వాయిదాల వసూలుకి, మంత్రిగారి సభకు బస్సులు నింపడానికి, డిసెంబరు 1న ఎర్ర రిబ్బను కట్టి ర్యాలీలో నడిపించడానికి. ర్యాలీలో ముందు వరసలో పులిరాజా. మైకులో "మహమ్మారిని తరిమికొడదాం" అంటాడు. కొట్టడం అనే మాట ఆయన నోట్లో బాగా పలుకుతుంది.

సరే, తిట్టింది చాలు, పనికొచ్చేది చెప్పమంటారు. ఏఆర్టీ కేంద్రాలకి, పరీక్షా కేంద్రాలకి టెండరు నమూనా ఒకటి రాసిపెట్టాను, వాడుకోండి, రాయల్టీ వద్దు. గది ఒకటి, నాలుగు గోడలూ పైదాకా కట్టినది. ప్లైవుడ్ అడ్డు పెట్టి గది అని బిల్లు పెడితే చెల్లదు. కుర్చీలు రెండు. మూడోది వేయకండి, వేస్తే అత్తగారు కూర్చుంటుంది. మంచినీళ్ళ సీసా. ప్రశ్న ఒకటి, నోటితో అడిగేది: ఇంట్లో నిన్ను ఎవరైనా కొడుతున్నారా, బలవంతపెడుతున్నారా, మందు సంగతి తెలిస్తే నీకు భయమా? అది అడగడం నేర్చుకున్న కౌన్సెలర్, ఆమెకి నెల మొదటి వారంలోనే జీతం. సఖి కేంద్రానిది, రక్షణాధికారిది నంబరు, ఎత్తేది అయి ఉండాలి. రిజిస్టర్లో ఒక గడి, తాళం వేసే రిజిస్టర్లో. తొమ్మిదో సెక్షన్ మినహాయింపు తెలుగులో, పెద్ద అక్షరాలతో, గోడ మీద, పులిరాజా ప్రకటన వేయించినంత పెద్దగా. తలుపు ఒకటి, గొళ్ళెంతో సహా. గొళ్ళెం లోపలివైపు ఉండాలని టెండర్లో విడిగా రాయండి, రాయకపోతే కాంట్రాక్టరు బయటివైపు బిగిస్తాడు.